ఉపవాసం అని చెప్పిన రోజులు

డిసెంబరు 27, శుక్రవారం

తోకి ఈ రోజు అడిగింది. ఎలా అడిగిందో ఉన్నదున్నట్టు రాసిపెట్టుకోవాలి, తర్వాత నా మనసుకు అనుకూలంగా మార్చుకోకుండా.

పొద్దున బట్ట కోసం చెట్టు బెరడు నార నానబెట్టిన తొట్టి దగ్గర ఉన్నాను. తోకికి ఆఫీసు సెలవు. తలస్నానం చేసి, నడుముకు చాప చుట్టుకుని వచ్చింది. చర్చికీ పెద్దల ముందుకీ మర్యాదగా కట్టుకునే నడుము చాప ఇంట్లో ఎందుకా అనుకున్నాను. వచ్చి నా ఎదురుగా తడినేల మీదే కూర్చుంది.

"అత్తా, ఒక మాట."

"చర్చికి వెళ్తున్నావా?"

"లేదు. నీ దగ్గరికే వచ్చా."

స్వీడన్‌లో సముద్రం గురించి పైచదువు ఉందట. రెండేళ్ళు. దరఖాస్తుకు జనవరి పదిహేను ఆఖరి రోజు. సర్టిఫికెట్లన్నీ సిద్ధం చేసుకుంది. ఎందుకు చదవాలనుకుంటున్నదీ చెబుతూ ఒక ఉత్తరం కూడా జతచేయాలట. సీటు వస్తే సరిపోదు, స్కాలర్‌షిప్ కూడా వస్తేనే వెళ్ళగలదు.

"రాకపోవచ్చు కూడా అత్తా. కానీ నువ్వు సరే అనకుండా దరఖాస్తు కూడా పెట్టను."

నేను దాని తండ్రికి అక్కను. మా దీవుల్లో పిల్లల సంగతిలో చివరి మాట మేనత్తదే. ఈ అధికారం నాకెప్పుడూ బరువనిపించలేదు. ఇంతవరకు ఎవరూ నన్ను ఏదీ నిజంగా అడగలేదు కాబట్టి కావచ్చు.

"ప్రభువును అడుగుతాను" అన్నాను.

దాని మొహం విప్పారింది. ఆరో ఏట తమ్ముడు దాన్ని తెచ్చి నా ఇంట్లో వదిలినప్పటి నుంచి నా పక్కన మోకరించిన పిల్ల. నేను అడిగితే ఆయన పలుకుతాడని దాని నమ్మకం.

ఇంకా అడగలేదు. ఇవాళ నార ఎండబెట్టే పని ఎక్కువైంది.

డిసెంబరు 28

అడగలేదు. రేపు ఆదివారం. ఆయన ఇంట్లోనే అడుగుతాను.

డిసెంబరు 29, ఆదివారం

రెండు ఆరాధనలకూ వెళ్ళాను. తమ్ముడి మోకాలి నొప్పి గురించి, పాస్టరుగారి గొంతు గురించి, తుఫాను మా మీదికి రాకూడదని ప్రార్థించాను. తోకి సంగతి నిశ్శబ్దంగా అడగవలసినది. చర్చిలో చంటిపిల్లలు ఎక్కువగా ఏడ్చారు.

భోజనాల వేళ మరదలు లేసియెలి వచ్చింది. వెంట తమ్ముడు ఫెలెతి కూడా వచ్చి, మందార కంచె అవతల నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. పెద్దవాళ్ళమయ్యాక అక్కాతమ్ముళ్ళం ఒక కప్పు కింద కూర్చున్నది లేదు. వాడు ఈ మర్యాద ఏనాడూ తప్పలేదు.

"వదినా, తోకి విషయం ఏమైందో కనుక్కోమన్నారు."

"ప్రార్థిస్తున్నానని చెప్పు."

లేసియెలి కంచె వైపు తిరిగి, "ప్రార్థిస్తోందట!" అని అరిచింది.

"నాకు చెవుడా, విన్నాను" అన్నాడు తమ్ముడు, ఎదురుగా ఉన్న సీమపనస చెట్టుతో. "తొందరేం లేదని చెప్పు."

"తొందరేం లేదట వదినా. కానీ పదిహేనో తారీకట."

"విన్నాను" అన్నాను నేనూ.

లేసియెలి గొంతు తగ్గించింది. "ఉపవాసం కూడా ఉంటున్నావా?"

"ఊఁ" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నోట్లోంచి వచ్చేసింది.

"అయ్యో, నా మతి మండా! మరి ఇవి నీ ముందు పెట్టానేంటి!" అని, నా కోసం వండి తెచ్చిన చేమాకు మూటలు గబగబా బుట్టలో సర్దుకుని తీసుకెళ్ళిపోయింది. కొబ్బరిపాల వాసన మాత్రం గుమ్మంలో ఉండిపోయింది.

తర్వాత రెండు మామిడిపళ్ళు తిన్నాను. పండు తింటే ఉపవాసం చెడదని కొందరంటారు. అయినా నేను మొదలుపెడితే కదా చెడటానికి.

డిసెంబరు 31

అక్కడ చలికాలంలో మధ్యాహ్నం మూడింటికే చీకటి పడుతుందట. తోకి ఫోన్‌లో బొమ్మ చూపించింది.

"దేవుడు వెలుగు తగ్గించిన చోటికి వెళ్ళి ఏం చదువుతావే?"

"ఎండాకాలం రాత్రి పదింటికి కూడా వెలుతురేనత్తా. అప్పుడు మనకన్నా వాళ్ళే ఎక్కువ దేవుడి బిడ్డలా?"

నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత అది నా మోకాలి మీద తల ఆనించి, "నాకూ భయమేనత్తా. ఇక్కడ బస్సెక్కితే డ్రైవరుకి కూడా నేనెవరింటి పిల్లనో తెలుసు. అక్కడ తెలిసినవాళ్ళు ఒక్కరుండరు" అంది.

"అదే కదా నేననేది" అన్నాను. ఎంత త్వరగా అన్నానో! భయపడే పిల్లకు ధైర్యం చెప్పవలసిన దాన్ని, దాని భయం నా చేతికి దొరికిందని సంతోషించాను.

సంవత్సరం ఇలా ముగించినందుకు క్షమించు ప్రభూ. ఇది కూడా ప్రార్థన కాదు, రాత మాత్రమే.

జనవరి 2

నానిన నారను కొయ్య సుత్తులతో కొట్టి నారబట్ట చేయడానికి సంఘం కొట్టంలో చేరాం. ఎనిమిదిమందిమి దుంగకు అటూ ఇటూ కూర్చున్నాం. సుత్తుల చప్పుడులో ఫుయివా గొంతు మాత్రమే వినపడుతుంది. ఆ మనిషి అన్నం లేకపోయినా బతుకుతుంది గానీ మాట లేకపోతే బతకదు.

"ఏం పిసీలా, ఉపవాసం అంటున్నారు, బుగ్గలు మాత్రం నిగనిగలాడుతున్నాయి! అంత ఆత్మీయ ఆహారం మాకూ కాస్త పెట్టరాదూ?"

అందరూ నవ్వారు. నేను తల దించుకుని కొడుతూ ఉన్నాను. సిగ్గుపడే మనిషినని అందరికీ తెలుసు కాబట్టి, ఇది వేరే సిగ్గు అని ఎవరికీ తెలియలేదు.

"నవ్వకండే" అంది ఫుయివా మళ్ళీ తనే. "వీళ్ళ వంశానికి అది అలవాటే. దీని మేనత్త మెలెసేని, అదే, దీనికి ఆక్లాండ్‌లో నర్సు చదువు వచ్చినప్పుడు, మూడు రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ప్రార్థించి చెప్పింది, ప్రభువుకి ఇష్టం లేదని. ఊరంతా ఎరిగిన సంగతే."

నిజమే. నాకు పద్దెనిమిదేళ్ళు. హైస్కూలు అయిపోయింది. మా టీచరమ్మ అంతా ఏర్పాటు చేసింది. అత్త మూడు రోజులు ఉపవాసం ఉండి, కాదంది. నేను ఎదురు చెప్పలేదు, ఏడవలేదు. ప్రభువు మాట అది. ఆ మాట మీద ఇన్నేళ్ళు శాంతిగా బతికాను. అత్త మంచంలో ఉన్న నాలుగేళ్ళూ నేనే చూసుకున్నాను.

శాంతిగానే బతికాను.

జనవరి 4

తోకి ఉత్తరం సగం రాసిందట. విను అంటే, నార పలచబడుతోంది, తర్వాత అన్నాను.

"ఆయన ఏమన్నా చెప్పాడా అత్తా?"

"ఇంకా లేదు."

"మౌనంగా ఉన్నాడా?"

"మౌనంగా ఉన్నాడు."

అది తల ఊపి వెళ్ళిపోయింది. నా మౌనాన్ని ఆయన మౌనం అన్నాను. ఇంతకాలం ఎవరితోనూ గట్టిగా మాట్లాడింది లేదు, ఎవరి మీదా నింద వేసింది లేదు. మొదటి నింద ఆయన మీదే వేశాను.

జనవరి 6, సోమవారం

ప్రార్థనల వారం మొదలైంది. తెల్లవారుజామున ఒక ఆరాధన, సాయంత్రం ఒకటి, ప్రతిదాని తర్వాతా ఒక ఇంటివాళ్ళ విందు. ఇన్ని ప్రార్థనల మధ్య నాది ఒకటి తక్కువైతే తెలియదు.

విందులో నేను తినలేదు. తినకుండా ఉండటం తేలిక, అందరూ చూస్తున్నప్పుడు.

జనవరి 8

రేపు తెల్లవారి ఆరాధనలో యువకుల కోసం ప్రార్థన నడిపించమన్నారు పాస్టరుగారు. "చాలా రోజులుగా ఉపవాసంలో ఉన్నారు కదమ్మా, మీ నోటితో అయితే బాగుంటుంది" అన్నారు.

కాదనాలి. కాదనడం నాకు ఎప్పుడూ రాలేదు.

జనవరి 9, గురువారం

ఇది రాయక తప్పదు.

లేచి నిలబడ్డాను. పిల్లల్ని పేరుపేరునా ఎత్తాను. పరీక్షలు రాసేవాళ్ళు, ఆస్ట్రేలియాకి తోట పనులకు వెళ్ళేవాళ్ళు, పోలీసులో చేరినవాడు, ఫుయివా మనవరాలి దగ్గు కూడా. ఒక్కొక్క పేరుకీ చర్చి అంతా మూలుగుతున్నట్టు 'ఊఁ' కొట్టింది. తోకి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. దాని పేరు ఎత్తితే నిజంగా అడిగినట్టే అవుతుంది. అడిగితే ఆయన చెప్తాడు. ఏం చెప్తాడో నాకు ముందే తెలుసు.

దాన్ని దాటి ముందుకు వెళ్ళాను. 'ఆమెన్' అన్నాను.

ముందు వరసలో నడుము చాపల గరగర తప్ప ఏమీ వినిపించలేదు. అందరికీ తెలిసిపోయింది. మేనత్త తన ఇంట్లో పెరిగిన పిల్ల పేరు ఎత్తలేదంటే దానికి ఒక్కటే అర్థం.

విందులో ఫుయివా నా పక్కన కూర్చుని, మొదటిసారి మెల్లగా మాట్లాడింది. "ఎంత కష్టమైందో నీకు. నా మొగుడు పోయిన రోజు కూడా నీ మొహం ఇలా చూడలేదు."

మధ్యాహ్నం తోకి వచ్చి నా ముందు కూర్చుంది.

"అర్థమైందత్తా. నోటితో చెప్పడం నీకు కష్టమని తెలుసు."

"తోకీ..."

"ఏం పర్లేదు. ఆయన వద్దంటే వద్దు." కాసేపు గోళ్ళు చూసుకుంది. "నాకు ఒక్కటే బాధ. ముందు నాకు చెప్పి ఉంటే, అందరి ముందూ అలా చూడకుండా ఉండేదాన్ని. నా పేరు వస్తుందని కళ్ళు తెరుచుకుని కూర్చున్నా."

సాయంత్రానికి చాప మడత పెట్టుకుని, కొన్నాళ్ళు నాన్న దగ్గర ఉంటానని వెళ్ళింది. నాలుగిళ్ళ అవతలికే. ముద్దు పెట్టే వెళ్ళింది.

జనవరి 10

ఒక్క పళ్ళెం కడిగాను.

జనవరి 11

పాపం అనుకుని లేసియెలి ఒక చేపను పంపింది. నాకు ఒక్కదానికే పెద్దది. తల నరికి పక్కన పెట్టాను, మెలెసేని అత్తకు తల ఇష్టమని చేతికి ఇంకా అలవాటు పోలేదు.

ఆ మూడు రోజులూ అత్తకు వండిపెట్టింది నేనే. తల ఆమెకు, తోక నాకు.

జనవరి 12, ఆదివారం

నిన్న రాసినది ఇప్పుడు చదివాను. ఉపవాసమన్న ఆ మూడు రోజులూ అత్త తిన్నదని ముప్పై రెండేళ్ళుగా నా చేతులకు తెలుసు. నాకు తెలియకపోవడం ఏమిటి?

అత్త మీద కోపం తెచ్చుకుందామని పొద్దున్నుంచీ చూస్తున్నాను. రావడం లేదు. నన్ను పంపితే ఆమెకు నిప్పు రాజేసేవాళ్ళు లేరు. అడగడానికి భయపడి ఉంటుంది. ఆమె నాకు చేసినది నేను అక్షరం పొల్లుపోకుండా చేశాను. ఆమె మూడు రోజులతో సరిపెట్టింది, నేను రెండు వారాలు లాగాను.

ఆరాధనలో తోకి తల్లిదండ్రుల పక్కన నిలబడి పాడింది. గొంతు బాగానే ఉంది. బయట లేసియెలి నా చేయి పట్టుకుంది.

"వదినా, మా ఆయన నీకు కృతజ్ఞతలు చెప్పమన్నారు. నువ్వు అంత ఉపవాసం ఉండి అడగకపోతే, పిల్ల ఏ చిక్కుల్లో పడేదో అంటున్నారు."

తమ్ముడు దూరంగా వ్యాను దగ్గర నిలబడి తన చెప్పులు చూసుకుంటున్నాడు. కృతజ్ఞత చెప్పే మనిషిలా లేడు.

ఇంటికి వచ్చి ఒక సంగతి ఒప్పుకున్నాను. చలి కాదు, చీకటి కాదు, అక్కడ చర్చిలు ఖాళీగా ఉంటాయన్నదీ కాదు. ఒంటరితనం కూడా సగమే. తోకి ఆ మాట అడిగినప్పుడు నా లోపల పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒకతె లేచి, నాకు లేనిది దీనికెందుకు అంది. ఒడిలో పెంచిన పిల్ల మీద అసూయ. యాభై ఏళ్ళ మనిషిని. బైబిలు పక్కనే ఉంది, ముట్టుకోవడానికి చేయి రాలేదు.

జనవరి 14

తమ్ముడి ఇంటి దాకా వెళ్ళాను. కుక్క మొరిగింది. తిరిగి వచ్చేశాను. నన్ను చూసి ఏనాడూ మొరగని కుక్క.

మొరగలేదు. అది తోక ఊపింది. నేనే వచ్చేశాను.

జనవరి 15

ఇవాళే ఆఖరి రోజు. పొద్దుపోయింది. అయిపోయింది.

తేలికగా ఉంటుందనుకున్నాను.

జనవరి 16, గురువారం

వరసగా రాస్తాను.

తెల్లవారేసరికి లేచాను. అటక మీద నుంచి అత్త పాత చాప తీశాను. అంచులు చివికిపోయి, మధ్యలో చిరిగింది. తప్పు చేసినవాళ్ళు కట్టుకునే చాప అలాంటిదే. అది నడుముకు చుట్టుకుని రోడ్డు మీద నడిచాను. బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు పిల్లలు నన్ను చూసి మాటలాపేశారు.

తమ్ముడి ఇంటి గుమ్మంలో ఆగలేదు. లోపలికి వెళ్ళాను. తమ్ముడు టీ తాగుతున్నాడు. నన్ను చూసి లేచాడు, చాప చూసి తెల్లబోయాడు. పెరటి తలుపుకు బల్ల అడ్డం ఉందని, కప్పు చేత్తోనే పట్టుకుని కిటికీలోంచి దూకేశాడు.

"ఆయన మోకాలు!" అని అరిచింది లేసియెలి.

తోకి ఆఫీసుకు తయారవుతూ జడ వేసుకుంటోంది. నేను దాని ముందు నేల మీద కూర్చున్నాను.

"అత్తా! ఏంటిది, లే! కుర్చీలో కూర్చో. నేను నిలబడి నువ్వు కింద కూర్చుంటే నాకేం మూడుతుందో తెలుసా? అమ్మా, చెప్పవే!"

"నువ్వే కింద కూర్చోవే, త్వరగా!" అంది లేసియెలి, తనూ కూలబడుతూ.

ముగ్గురం నేల మీద కూర్చున్నాం. నేను ఎప్పటిలాగే మెల్లగా మాట్లాడినట్టున్నాను, వాళ్ళు ముందుకు వంగారు.

"నేను అడగలేదు తోకీ."

"ఏం అడగలేదు?"

"ప్రభువును. ఒక్కసారి కూడా అడగలేదు. ఉపవాసమూ లేదు. మామిడిపళ్ళు తిన్నాను. పదిహేనో ఇరవయ్యో. నీ పేరు ఎందుకు ఎత్తలేదంటే, ఎత్తితే ఆయన నిన్ను పంపమంటాడని. ఆయన ఏమీ వద్దనలేదు. వద్దన్నది నేను."

తోకి సగం వేసిన జడ విప్పేసింది.

"నిజంగా పదిహేనా?"

"ఇంకా ఎక్కువే."

"నేను నీ కోసం రెండు పూటలు తినలేదు తెలుసా! అత్త ఒక్కతే ఎందుకుండాలి అని, ఆఫీసులో డబ్బా తెరవకుండా తిరిగి తెచ్చా." దువ్వెన పక్కన పడేసింది. "అందరి ముందూ. ఊరంతా నన్ను జాలిగా చూస్తోంది. ఫుయివా నాకు దుప్పటి ఇచ్చింది, దేవుడు కాదన్న పిల్లనని!"

నేను తల ఎత్తలేదు. దుప్పటి మాటకు లేసియెలికి నవ్వు వచ్చి బట్ట అంచు నోట్లో కుక్కుకుంది.

"ఇంకోటి చెప్పనా?" అంది తోకి, కోపం తగ్గకుండానే. "ఆ రోజు నువ్వు నా పేరు దాటేసినప్పుడు, ఒక్క నిమిషం హాయిగా అనిపించింది. ఇక నేను తేల్చుకోనక్కర్లేదని. అందుకే నీతో గొడవ పడలేదు. మంచిపిల్లనై కాదు."

"ఇప్పుడు నీకు ఏమనిపిస్తోంది?"

"ఏమనిపిస్తే ఏం? నిన్నటితో అయిపోయిందిగా."

అప్పుడు కిటికీ కింద నుంచి తమ్ముడి గొంతు వినిపించింది.

"లేసియెలీ, మా అక్కకు చెప్పు. అక్కడ ఇంకా నిన్నే."

"ఏంటి?"

"మనకి పొద్దు ముందొస్తుంది, వాళ్ళకి వెనక. వాళ్ళ పదిహేనో తారీకు మనకి ఇవాళ మధ్యాహ్నం పన్నెండు దాకా ఉంటుంది. తొమ్మిదో తారీకు నుంచి చూస్తున్నా."

"మరి ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా?"

"అక్క మాట అయిపోయాక నేనేం చెప్తాను?" అన్నాడు. మళ్ళీ తనే, "తోకీ, చార్జింగ్ పెట్టే ఉంచా, మంచం కింద" అన్నాడు.

మంచం కింద నిజంగానే దాని కంప్యూటరు తీగ తగిలించి ఉంది.

తోకి ఆఫీసుకు ఫోన్ చేసి పూట సెలవు చెప్పింది. కాగితాలన్నీ ముందే ఎక్కించి ఉన్నాయి. ఉత్తరం ఒక్కటే సగంలో ఆగింది. అది ఇంగ్లీషులో ఉంటే మన మాటల్లో చెబుతూ చదివింది. 'ఆటుపోట్లు నాకు మా నాన్న అక్క నేర్పింది. తిరగేసిన ప్రతి రాయినీ మళ్ళీ ఉన్నట్టే బోర్లించమని, దాని కింద ఉన్నవాటికి అది ఇల్లని చెప్పింది. నేను చదివిన మొదటి సముద్ర శాస్త్రం అదే.' అక్కడితో ఆగింది.

"కొట్టేయనా?" అంది, నా వైపు చూడకుండా.

"రాయి సంగతి నాది కాదు. నాకు మెలెసేని అత్త చెప్పింది."

"ఆవిడ పేరు రాయనా?"

నడుముకున్న అత్త చాప అంచు సవరించుకున్నాను. "రాయి" అన్నాను.

పదకొండుకి ఉత్తరం పూర్తయింది. పదకొండున్నరకి అన్నీ సరిచూసుకుంది. ఆ తర్వాత వేలు పంపే మీట మీద పెట్టి ఊరికే కూర్చుంది. లేసియెలి గోడ గడియారం చూస్తోంది. కిటికీ కింద టీ కప్పు చప్పుడు.

"అత్తా, నువ్వు సరే అను."

"అనను. అనే హక్కు పోగొట్టుకున్నాను."

"పోనీ అడుగు. ఇప్పుడు. నేను వినేలా."

మోకరించాను. కళ్ళు మూసుకున్నాను. ఇన్నేళ్ళుగా నోటికి వచ్చిన ప్రార్థనలేవీ రాలేదు. 'ప్రభూ, తోకిలుపే' అన్నాను. దాని పూర్తి పేరు. ఆ పేరు దగ్గరే ఆగిపోయి, మళ్ళీ అదే అన్నాను. దానికి భయంగా ఉందని చెప్పాను. నాకూ ఉందని చెప్పాను. నాకు అసూయగా ఉందని చెప్పాను, మరదలు వింటుండగా. ఇంకా అడగవలసిన ముక్క అడగనే లేదు, అప్పుడు టక్కుమని చిన్న శబ్దం వినిపించింది.

మాట ఆపేశాను.

"నువ్వు కానివ్వు అత్తా" అంది తోకి. "వింటున్నా."

కానిచ్చాను. ఎంతసేపో తెలియదు. కళ్ళు తెరిచేసరికి పన్నెండు దాటింది, లేసియెలి పళ్ళేలు పెడుతోంది, తమ్ముడు కిటికీ కింద లేడు. నా పళ్ళెంలో రెండు మామిడిపళ్ళు ఉన్నాయి. ఎవరు పెట్టారో అడగలేదు.

ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను. ఆ ప్రార్థనకు ఆమెన్ ఇంకా అనలేదు.